ఐదో తరగతి అయిపోయింది, హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. మీరెలా వెళ్ళారు?

మెట్టపొలం
27 మే, రాత్రి 9:50

చాలా రోజుల తర్వాత రాస్తున్నా. విషయం నాది కాదు, మా చెల్లెలి కూతురిది. పదేళ్ళ పిల్ల. పొదిలి దగ్గర పల్లె. పుట్టగానే ఏడవలేదని ఒంగోలు తీసుకెళ్తే పది రోజులు బాక్సులో పెట్టారు. రెండేళ్ళు దాటినా నిలబడకపోయేసరికి డాక్టరుకు చూపిస్తే సెరిబ్రల్ పాల్సీ అన్నారు, మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ పట్టు తప్పే జబ్బు. మునివేళ్ళ మీద నడుస్తుంది, నడిచేటప్పుడు మోకాళ్ళు రెండూ ఒరుసుకుంటాయి. గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. బుర్ర మాత్రం పాదరసం. మా అమ్మ కట్టే చీటీల లెక్క అదే చూస్తుంది.

ఊళ్ళో బడి ఐదు వరకే. బడి ఇంటికి రెండు వందల గజాలు కాబట్టి ఇన్నాళ్ళూ వాళ్ళ నాన్న ఎత్తుకెళ్ళి దింపొచ్చేవాడు. ఆరో తరగతికి పక్క ఊరు పోవాలి. బస్సు లేదు. ఒక ఆటో ఉంది, పదిహేను మంది పిల్లల్ని కుక్కుకుని పోతుంది. మా అమ్మేమో "చదివింది చాల్లే, ఇంటి పట్టున కుట్టు నేర్చుకుంటుంది" అంటోంది. నా విషయంలో ఊరంతా వద్దన్నా పట్టుబట్టి చదివించింది ఈ అమ్మే. అదే అడిగితే "నువ్వు మగపిల్లాడివిరా" అంది.

నాది పోలియో. 1982లో, పద్నాలుగు నెలలప్పుడు జ్వరమొచ్చింది, సూది వేయించారు, తెల్లారేసరికి కుడికాలు వేలాడిపోయింది. నన్ను నాన్న సైకిల్ మీద దింపేవాడు. కాలు చక్రంలో పడకుండా తువాలుతో కేరేజీకి కట్టేవాడు. ఒకరోజు ముడి ఊడింది. పోలియో కాలికి నొప్పి తెలియదనుకుంటారు చాలామంది. కదలదు అంతే, నొప్పి మొత్తం తెలుస్తుంది.

పల్లెల్లో వైకల్యంతో పెరిగినవాళ్ళు చెప్పండి. బడికి ఎలా వెళ్ళారు, ఎవరు తీసుకెళ్ళారు, ఎక్కడ ఆగిపోయారు? ధైర్యం చెప్పే మాటలు వద్దు, అవి మా ఇంట్లో బోలెడున్నాయి.

చంకకర్ర
27 మే, రాత్రి 11:15

పల్నాడు, నల్లరేగడి. నా చదువు కథంతా ఈ రెండు మాటల్లో ఉంది తమ్ముడూ.

వానాకాలం రేగట్లో కర్ర దిగిందంటే రాదు. గట్టిగా లాగితే కర్ర వస్తుంది, కింద రబ్బరు బుష్ బురదలోనే ఉండిపోతుంది. బుష్ లేని కర్ర బడి గచ్చు మీద జారుతుంది. కొత్త బుష్ కావాలంటే నరసరావుపేట పోవాలి. అందాకా సైకిల్ షాపాయన పాత ట్యూబు ముక్క నాలుగు మడతలు పెట్టి బైండింగు తీగతో చుట్టి ఇచ్చేవాడు. ఐదేళ్ళు నాకు అదే కంపెనీ. జూన్ నుంచి అక్టోబరు దాకా నా హాజరు సగానికి సగం. మా పంతులు "వీడు వానకి కరిగిపోతాడ్రా" అనేవాడు. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకోటి అంటాడు కదా.

ఎండాకాలం సెలవుల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేవాణ్ణి. కూర్చుని చేసే పని కాబట్టి అందులో నేను ఎవరికీ తీసిపోను. సాయంత్రానికి వేళ్ళు మండిపోయేవి, పొరపాటున కంట్లో చెయ్యి పెడితే ఇక రాత్రంతా జాగారమే. కూలి మాత్రం అందరితో సమానం. ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆ ముఠా మేస్త్రమ్మ. లెక్క రాసుకోవాలంటే పేరు కావాలిగా. మిగతా ఊరందరికీ నేను కుంటోణ్ణే.

ఇంతకీ మీ దారి తారు రోడ్డా, మట్టా? ముందు అది చెప్పు.

కొత్తసభ్యుడు77
28 మే, ఉదయం 7:02

ఇప్పుడు ప్రభుత్వం అన్నీ ఇస్తోంది కదండీ. ఆంధ్రలో పింఛనే నెలకు 6000. ప్రత్యేక హాస్టల్లో వేసేయండి. అక్కడ అందరూ అలాంటి పిల్లలే ఉంటారు, పాపకి బాధ ఉండదు.

నాగావళి
28 మే, మధ్యాహ్నం 1:20

కొత్తసభ్యుడు గారూ, "అలాంటి పిల్లల్లో" నేనొకదాన్ని. శ్రీకాకుళం జిల్లా, రెండు కాళ్ళూ పోలియో, ఇప్పుడు టీచరుగా చేస్తున్నాను. పన్నెండో ఏట హాస్టల్‌కి వెళ్ళాను. మీరన్నది పూర్తిగా తప్పని అనను. నన్ను ఎవరూ వింతగా చూడని మొదటి చోటు అదే. కాలిపర్లు (నడవడానికి కాళ్ళకు కట్టుకునే పట్టీలు) విప్పి మంచాల కింద వరసగా పెట్టుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పోలియో పిల్లల కోసం ఊరూరా ఉచిత ఆపరేషన్ శిబిరాలు పెట్టిన విశాఖ డాక్టరు సుంకర ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా హాస్టల్ వాట్సాప్ గ్రూపు రెండు రోజులు ఆగలేదు. కానీ ఆరేళ్ళ తర్వాత ఇంటికొస్తే మా వీధిలో నా ఈడు ఆడపిల్లలకు నేనెవరో తెలియదు. పేరంటానికి పిలవాలని కూడా ఎవరికీ తట్టలేదు. అది అలాగే మిగిలిపోయింది.

మెట్టపొలం గారూ, దారి సంగతి తర్వాత. ముందు ఆ హైస్కూల్లో బాత్రూమ్ చూసి రండి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెంబు పట్టుకుని తుప్పల్లోకి పోవడమే. నేను కూర్చుంటే లేవలేను. అమ్మ తోడు రావాలి. అమ్మ ఊడుపులకు వెళ్తే చీకటి పడేదాకా ఆగడమే. అందుకని బడి ఉన్న రోజు నీళ్ళు తాగేదాన్ని కాదు. పొద్దున్న అన్నంలోకి పులుసు కూడా వేసుకునేదాన్ని కాదు, పచ్చడి ముద్ద మింగేసి వెళ్ళిపోయేదాన్ని. పదకొండో ఏట మూత్రంలో ఇన్ఫెక్షనొచ్చి పదిహేను రోజులు మంచం పట్టాను. అప్పుడు నాన్న వడ్రంగి చేత ఒక చెక్క కుర్చీకి మధ్యలో గుండ్రంగా కోయించి, పెరట్లో గొయ్యి తీసి, దాని మీద ఆ కుర్చీ వేసి, చుట్టూ తాటాకు దడి కట్టారు. ఊరంతా నవ్వింది. మహారాణికి సింహాసనం అన్నారు. మూడేళ్ళకి సర్పంచి గారి తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మా ఇంటికొచ్చి ఆ కుర్చీ అడిగి పట్టుకెళ్ళారు. తిరిగి ఇవ్వలేదు లెండి, నాన్న ఇంకోటి చేయించారు.

మెట్టపొలం
28 మే, రాత్రి 10:05

అన్నా, ఊరి నుంచి హైస్కూలు దాకా తారు రోడ్డే. బడి వరండా మాత్రం ఎత్తు.

అక్కా, బాత్రూమ్ సంగతి నాకు అసలు తట్టనేలేదు. నాకు గోడ దొరికితే చాలు, పని అయిపోయేది. వచ్చేవారం ఊరెళ్ళి చూసొస్తా.

కర్నూలు అమ్మ
29 మే, ఉదయం 11:40

నమస్తే. నేను చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అబ్బాయికీ సెరిబ్రల్ పాల్సీయే, పదమూడేళ్ళు. పల్లెలోనే ఉంటాం.

ఊళ్ళో అందరూ పోలియో అనే అంటారు. ఏ కాలు వంకరైనా, ఏ చెయ్యి పడిపోయినా పోలియోనే. "చుక్కలు వేయించలేదా తల్లీ?" అని నన్నే అడుగుతారు. వేయించాను. ప్రతి ఆదివారం, ప్రతి విడతా, వేలి మీద సిరా గుర్తుతో సహా. ఎన్నేళ్ళని చెప్పేది? మా అత్తగారు నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చానంది. మా అమ్మ మొక్కు తీర్చలేదంది. గుడిలో వెండి కాలు వేశాం, దర్గాకి తీసుకెళ్ళాం, నూనె మర్దనకి ఒకామె వచ్చేది, పిల్లవాడు ఏడుస్తుంటే ఇంకా గట్టిగా రుద్దేది. ఇవన్నీ అయ్యేసరికి నాలుగేళ్ళు గడిచిపోయాయి. అప్పుడు కర్నూల్లో ఫిజియోథెరపీ. వారానికి రెండుసార్లు బస్సులో, పిల్లవాణ్ణి చంకనేసుకుని. డబ్బులు అయిపోయాక ఆ వ్యాయామాలు నేనే నేర్చుకున్నాను. మడమ కింద అరచెయ్యి పెట్టి, మోకాలు నిటారుగా ఉంచి, పాదాన్ని మెల్లగా పైకి వంచి ముప్పై లెక్కపెట్టాలి. రోజూ పొయ్యి మీద ఎసరు మరిగేలోపు రెండు కాళ్ళూ అయిపోతాయి.

ఒక్కటి చెప్పాలని రాస్తున్నా అన్నా. పాపకి పదేళ్ళు అంటున్నారు. ఇప్పుడే గబగబా పొడుగు పెరిగే వయసు. ఎముక పెరిగినంత తొందరగా కండ సాగదట, పిక్కలు బిగుసుకుపోతాయి. మావాడు పదకొండు దాకా గోడ పట్టుకుని నడిచాడు, పన్నెండుకి మానేశాడు. బద్ధకం అనుకుని తిట్టాను. ఆ తిట్లు ఇప్పుడు గుర్తొస్తే నాకు అన్నం దిగదు. బడి కంటే ముందు ఒకసారి ఎముకల డాక్టరుకి చూపించండి. మడమ నుంచి పిక్క దాకా ప్లాస్టిక్ స్ప్లింట్లు ఇస్తారు. కాలు పెరిగేకొద్దీ చిన్నవైపోతాయి, మళ్ళీ కొలిపించాలి.

పింఛను గురించి ఒకాయన రాశారు. అవును, వస్తుంది. మావాడి పింఛనుతో ఇల్లు గడిచిన నెలలున్నాయి, దాచడమెందుకు. అది తెలిసి మా బంధువుల్లో ఒకామె "నీకేమ్మా, ఇంట్లో ఏటీఎం ఉంది" అంది.

గోదారిగట్టు
29 మే, సాయంత్రం 6:30

మీ అందరి అనుభవాలు చదువుతుంటే బాధగా ఉంది, కానీ నాది వేరే. నాకు పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. కోనసీమ. మా ఊరు నన్ను నేల మీద కాలు పెట్టనివ్వలేదంటే నమ్మండి. బడికి పాలేరు భుజాల మీద, తీర్థానికి మామయ్య భుజాల మీద, రేవు దాటాలంటే పడవాయన ఎత్తి కూర్చోబెట్టేవాడు. బంతిలో నాకొక్కడికే పీట వేసి, పక్కన స్టూలు మీద విస్తరి పెట్టేవారు. సిటీలో ఎవరు చూస్తారండీ అలా? పల్లెని మరీ చెడ్డది చేయకండి.

చంకకర్ర
29 మే, రాత్రి 8:10

మీ పాలేరు భుజాలు ఎవరి డబ్బుతో వచ్చాయి గోదారి గారూ? మా నాన్న ఇంకొకరి ఇంట్లో పాలేరు. ఆయన భుజాల మీద వాళ్ళ పిల్లలు ఎక్కేవాళ్ళు.

కోపంగా అనడం లేదు. లెక్క చెబుతున్నానంతే.

నాగావళి
29 మే, రాత్రి 8:45

నన్నూ ఎత్తుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మంచివాళ్ళే. కానీ వాళ్ళు వెళ్ళే చోటికే తీసుకెళ్ళేవారు, వాళ్ళు వచ్చేటప్పుడే తీసుకొచ్చేవారు. ఒకసారి కోటదుర్గమ్మ జాతరలో గాజుల కొట్టు దగ్గర ఆగుతానంటే "నీకెందుకే గాజులు" అని పిన్ని నవ్వింది, నడక ఆపలేదు. దిగి నడిచే కాళ్ళుంటే ఆగేదాన్ని.

గోదారిగట్టు
29 మే, రాత్రి 9:30

ఒప్పుకుంటాను. మా ఇంట్లో పది ఎకరాలున్నాయి. అయినా ఆ భుజాలు గుర్తొస్తే నాకు ఏడుపొస్తుంది, ఏం చేయమంటారు?

డల్లాస్ బాబాయ్
30 మే, ఉదయం 5:55

నేను ఇక్కడి నుంచి మంచి వీల్‌చైర్ ఒకటి పంపగలను. మడత పెట్టొచ్చు, అల్యూమినియంది, చాలా తేలిక. చిరునామా ప్రైవేటుగా పంపండి.

చంకకర్ర
30 మే, ఉదయం 9:20

బాబాయ్ మనసు పెద్దది, సందేహం లేదు. కానీ అలాంటి కుర్చీ మా ఊరికి ఒకటి వచ్చింది, ఒకాయన దుబాయ్ నుంచి పంపాడు. దాని ముందు చక్రాలు అరచేతి కంటే చిన్నవి. గడప దగ్గర ఆగిపోతుంది, ఇసుకలో కూరుకుపోతుంది, గులకరాయి తగిలితే మనిషి ముందుకు పడతాడు. నెలకల్లా దాని మీద బియ్యం బస్తా పెట్టుకున్నారు. బస్తా మాత్రం హాయిగా ఉంది.

పల్లెల్లో మూడు చక్రాల బండి ఇన్నేళ్ళు ఎందుకు నిలబడిందంటే, దానికున్నది సైకిల్ టైరు, సైకిల్ చెయిను. పంచరైతే ఏ ఊళ్ళో అయినా అతుకు వేస్తారు. బాబాయ్, కుర్చీ బదులు ఆ ఆటో ఖర్చు ఏడాదికి పెట్టుకోగలరేమో ఆలోచించండి.

బోరునీళ్ళు
30 మే, రాత్రి 10:40

నాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. మా కథ మీ అందరి కథకు తిరగేసి ఉంటుంది. మీ ఊళ్ళల్లో వైకల్యం ఒకరికో ఇద్దరికో. మా ఊళ్ళో ఇంటింటికీ ఉండేది, ఎందుకంటే అది నీళ్ళల్లో ఉండేది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు. పిల్లలకు ముందు పళ్ళు గారపట్టేవి, తర్వాత కాళ్ళు దొడ్డిగా వంగేవి. పెద్దవాళ్ళకు నలభై దాటేసరికి వెన్ను కొయ్యబారేది. మా నాయన ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సిందే.

మా అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద, పొడుగు మాత్రం నా నడుము దాకే. అయినా బడిలో అతన్ని ఎవరూ వెక్కిరించలేదు. వెక్కిరించే పిల్లల కాళ్ళూ వంకరే. మా సారు పళ్ళూ గోధుమరంగే. నేను ఇంటర్‌కు నల్లగొండ పోయి నోరు తెరిచి నవ్వినప్పుడు కదా, "నువ్వు మునుగోడు దిక్కా?" అని అడిగారు. అప్పటి నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటైంది, ఇప్పటికీ పోలేదు. మా ఊరికి పిల్లనివ్వాలంటే భయపడేవారు.

మా శివన్నగూడెం అంశల స్వామి గారి పేరు మీరు వినే ఉంటారు. ఫ్లోరైడ్ గోస ఢిల్లీ దాకా వినిపించిన మనిషి. 2023 జనవరిలో పోయారు. కృష్ణా నీళ్ళు నల్లాల్లో వచ్చినంక పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను ఊరికి పోయినప్పుడల్లా చిన్న పిల్లలను నవ్విస్తుంటా, పళ్ళు చూద్దామని.

మెట్టపొలం అన్నా, మీ పొదిలి, దర్శి, కనిగిరి దిక్కు కూడా ఫ్లోరైడ్ నీళ్ళే. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పాప ఏ నీళ్ళు తాగుతుందో అది కూడా చూసుకోండి.

ఫిజియో వరంగల్
31 మే, మధ్యాహ్నం 2:15

రెండు విషయాలు. కర్నూలు అమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. పదకొండు, పన్నెండేళ్ళకి నడక మానేసిన పిల్లల్ని బద్ధకస్తులని తిట్టడం ప్రతి వారం చూస్తుంటాను. మీరు తిట్టారని కుమిలిపోకండమ్మా, చెప్పాల్సిన వైద్యులు చెప్పకపోవడం మీ తప్పు కాదు.

రెండోది మెట్టపొలం గారికి. జ్వరానికి సూది వేయడం వల్లే కాలు పోయిందని ఊళ్ళో అంటే చదువుకున్నవాళ్ళు కొట్టిపారేస్తారు. అందులో కొంత నిజం ఉంది. పోలియో తెచ్చేది వైరసే. అయితే ఆ వైరస్ ఒంట్లో ఉన్న రోజుల్లో కండకు సూది గుచ్చితే, గుచ్చిన కాలికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. సూది వేసినాయన మీద ఊరు పెంచుకున్న కోపంలో పూర్తి న్యాయం లేదు, పూర్తి అన్యాయమూ లేదు. దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా దగ్గర. అంటే ఇప్పటి పదేళ్ళ పిల్లల్లో దాదాపు ఎవరికీ పోలియో కాదు, ఊరు ఏమన్నా సరే.

అన్నట్టు, మీకు నలభై దాటింది కదా. మంచి కాలు ఈమధ్య తొందరగా అలిసిపోతోందా? మెట్లు ఎక్కితే రెండో రోజు దాకా నొప్పి ఉంటోందా? పోలియో వచ్చిన ముప్పై, నలభై ఏళ్ళకి ఇలా కొత్తగా నీరసం రావడం ఉంది. ఇన్నాళ్ళూ రెండు కాళ్ళ పని అదొక్కటే చేసింది మరి. పట్టుదలగా ఇంకా నడవకండి. ఈ ఒక్క జబ్బులో పట్టుదల పనికిరాదు.

మెట్టపొలం
31 మే, రాత్రి 11:00

అవును సార్. ఏడాది నుంచి అలాగే ఉంది. ఇంట్లో చెప్పలేదు.

భవిత సారు
1 జూన్, ఉదయం 6:45

ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్పే రిసోర్స్ టీచరుగా పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. మీ మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, సాధారణంగా మండల వనరుల కేంద్రం ఆవరణలోనో, ఏదో ఒక బడిలోనో. ముందు అక్కడికి వెళ్ళి పాప పేరు హైస్కూలు రికార్డులో ప్రత్యేక అవసరాల పిల్లగా ఎక్కిందో లేదో చూసుకోండి. ఐదు నుంచి ఆరుకు మారేటప్పుడు చాలామంది పేర్లు ఇక్కడే జారిపోతాయి. పేరుంటేనే రవాణా భత్యం, వెంట ఒకరు వెళ్తే ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్ల కాబట్టి నెలకు 200 స్టైపెండ్ అడగగలరు. కానీ నిజం చెబుతున్నా, ఆ డబ్బు ఎప్పుడో విద్యాసంవత్సరం చివర్లో వస్తుంది. దాన్ని నమ్ముకుని ఆటో మాట్లాడకండి.

వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే సరిపోదు, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) తీసుకోండి. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే 2016 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎక్కడ చదవాలన్నది మీ ఇష్టం, బడి వాళ్ళ ఇష్టం కాదు. "మా దగ్గర సౌకర్యాలు లేవు, ప్రత్యేక పాఠశాలకు తీసుకెళ్ళండి" అని హెడ్మాస్టర్ అంటే "అది రాసివ్వండి సార్" అనండి. రాసిచ్చిన హెడ్మాస్టర్‌ని నేను ఇంతవరకు చూడలేదు. పరీక్షల్లో చేతులు తొందరగా రాయకపోతే గంటకు 20 నిమిషాలు అదనపు సమయం అడగొచ్చు, పదో తరగతిదాకా ఆగకుండా ఇప్పటి నుంచే అలవాటు చేయించండి.

ఇంకో మాట. ఇంటి దగ్గరే చదువు అని ఒక పద్ధతి ఉంది, మేమే వారానికోసారి ఇంటికెళ్ళి చెబుతాం. అది మంచం దిగలేని పిల్లల కోసం. గోడ పట్టుకుని నడిచే పిల్లను అందులో వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాసుకోవడానికి తేలిక కాబట్టి అంటారు.

కొత్తసభ్యుడు77
1 జూన్, మధ్యాహ్నం 12:30

జైపాల్‌రెడ్డి గారిని చూడండి. చిన్నప్పుడే పోలియో, చంకకర్రలతోనే కేంద్రమంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్. అనుకుంటే ఏదైనా సాధించొచ్చు.

చంకకర్ర
1 జూన్, మధ్యాహ్నం 1:05

ఆయనంటే నాకూ గౌరవమే. కానీ బాబూ, మా హైస్కూలు సారు నేను మెట్ల దగ్గర ఆగిన ప్రతిసారీ జైపాల్‌రెడ్డి గారి పేరు చెప్పేవాడు. చెయ్యి మాత్రం అందించేవాడు కాదు.

మెట్టపొలం
8 జూన్, రాత్రి 9:15

ఊరు వెళ్ళొచ్చాను. ఒంగోల్లో ఎముకల డాక్టరుకి చూపించాం. పిక్కలు బిగుసుకోవడం మొదలైంది, ఇంకా ఆపరేషన్ దాకా రాలేదన్నారు. స్ప్లింట్లకు కొలతలు తీసుకున్నారు. కర్నూలు అమ్మ గారూ, మీరు రాయకపోతే ఇంకో రెండేళ్ళు మాకు తట్టేది కాదు.

హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూములు నాలుగున్నాయి, అన్నీ నేల మీదవే. టీచర్ల బాత్రూమ్‌లో మాత్రం వెస్టర్న్ కమోడ్ ఉంది, దానికి తాళం. హెడ్మాస్టరమ్మని అడిగాను. ఒక నిమిషం ఆలోచించి రెండో తాళంచెవి తీసి ఇచ్చేసింది. అడగడానికి నేను రాత్రంతా మాటలు కూర్చుకున్నాను, ఆవిడ ఇవ్వడానికి నిమిషం పట్టింది.

ఇన్ని రోజులుగా మనం ఇంత మాట్లాడుకున్నాం గానీ పిల్లను ఎవరూ అడగలేదు. మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగాను, బడికి ఎలా వెళ్తావే అని. "ఎలాగైనా పోతా మామయ్యా, నాన్న మాత్రం ఎత్తుకోకూడదు" అంది. ఎందుకే అంటే, "నాన్న నన్ను ఎత్తుకుంటే నా బ్యాగు కూడా నాన్నే మోస్తాడు. మూడో తరగతి పిల్లలు కూడా వాళ్ళ బ్యాగు వాళ్ళే మోసుకుంటారు" అంది. మా అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది, చప్పుడు ఆగింది.

నాగావళి
8 జూన్, రాత్రి 9:50

రెండు భుజాలకూ తగిలించుకునే బ్యాగు కొనండి, నడుం దగ్గర బెల్టు ఉన్నది. ఒక భుజానికి వేస్తే పడిపోతుంది. పుస్తకాలు ఏ రోజువి ఆ రోజే.

మెట్టపొలం
13 జూన్, రాత్రి 10:20

నిన్న బడి తెరిచారు. ఆటో అతనితో మాట్లాడాను, నెలకు 600. పాపని మొదట ఎక్కించుకుని, చివర్లో దింపాలని ఒప్పందం. డల్లాస్ బాబాయ్ ఏడాది డబ్బులు పంపారు, వద్దన్నా వినలేదు.

వెంట ఎవరు వెళ్తారన్నది ఇంట్లో పెద్ద చర్చ. చెల్లెలికి కూలి పనులు, వాళ్ళ నాన్నకి పొలం. పొద్దున చూస్తే మా అమ్మ కొత్త చీర కట్టుకుని ఆటో దగ్గర నిలబడి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం దాకా బడి వేపచెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న విత్తనం వేరుశనక్కాయలు వలిచింది. అవసరమైనప్పుడు తాళంచెవి తీసుకుని వెళ్ళింది. తాళంచెవి కొంగున కట్టుకుంది, హెడ్మాస్టరమ్మ అడిగినా ఇచ్చేలా లేదు. భవిత సారు, ఎస్కార్ట్ భత్యం రాయించాం. నెలకెంతని అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

ఒక్కటి తేలలేదు. వరండాకి ర్యాంపు ఉంది, కానీ జారుడుబల్లలా ఉంది. పాప గోడ పట్టుకుని ఎక్కుతుంటే స్ప్లింటు జారి మోకాళ్ళ మీద పడింది. ఏడవలేదు గానీ రెండోసారి కూర్చుని పాకుతూ ఎక్కింది. తెల్ల చొక్కా యూనిఫాం. టేపు పెట్టి కొలిచాను. వరండా ఎత్తు 14 అంగుళాలు, ర్యాంపు పొడుగు 4 అడుగులే.

భవిత సారు
14 జూన్, ఉదయం 6:30

నియమం ఒకటికి పన్నెండు. అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడుగు. 14 అంగుళాలకి 14 అడుగులు కావాలి. చాలా బళ్ళలో ర్యాంపు ఫోటో కోసమే కడతారు, మీది ఆ రకం. ప్రతిపాదన పంపిస్తాను, కానీ నిధులు ఎప్పుడొస్తాయో చెప్పలేను. స్కూలు కమిటీ తీర్మానం చేసి ఊరివాళ్ళు కట్టుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు.

మెట్టపొలం
17 జూన్, రాత్రి 9:40

ఊళ్ళో మేస్త్రీ కూలి తీసుకోనన్నాడు, సిమెంటు, ఇసుక, రాళ్ళు మనవి. ఆదివారం మొదలుపెడతాడు. ఫోన్ చేసి "పద్నాలుగు అడుగులంటే గేటు దాకా వస్తుంది కదయ్యా, బడి ముందు అంత పొడుగున ఏం బాగుంటుంది, ఎనిమిది చేద్దాం" అంటున్నాడు. ఏం చెప్పను?

చంకకర్ర
17 జూన్, రాత్రి 10:02

గేటు దాకా వస్తే రానివ్వు. ఒక్క అడుగు కూడా తగ్గించనివ్వకు. పైన నున్నగా మెత్తించొద్దు, తడి మీద చీపురుతో గీతలు గీయించు, వానలో జారదు. రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు పెట్టించు. పైపు ఎత్తు పిల్లని నిలబెట్టి కొలవాలి, మేస్త్రీని కాదు.

సిమెంటు బస్తా ఒకటి నాది. నెంబరు పంపు, ఫోన్‌పే చేస్తా.

బోరునీళ్ళు
17 జూన్, రాత్రి 10:15

ఒకటి నాది.

గోదారిగట్టు
17 జూన్, రాత్రి 10:31

పైపులు నేను చూసుకుంటాను. ఎన్ని అడుగులు కావాలో చెప్పండి, రెండు వైపులా కలిపి.